నెత్తుటిలోని సూచిక, చెరువులోని చేప: శీలావతి వంశాభివృద్ధిలో రోగనిరోధకత

చెరువులో జబ్బు పడినప్పుడు రైతు చూపు గట్టువార తేలిన చేప మీద పడుతుంది. వంశాభివృద్ధి శాస్త్రజ్ఞుడి పని మాత్రం అదే నీళ్లలో, అదే మేత తిని, అదే సూక్ష్మజీవి నడుమ ఉండి కూడా బతికి బయటపడిన చేపతో మొదలవుతుంది. ఒకే ఈడు చేపల్లో కొన్ని చచ్చి కొన్ని బతకడానికి వలలో తగిలిన గాయం, నీటిలో తగ్గిన ప్రాణవాయువు, మేత దొరకడంలో ఎచ్చుతగ్గులు, ఒక్కోసారి కేవలం అదృష్టం కూడా కారణం కావచ్చు. ఇవన్నీ పోగా మిగిలే తేడాలో కొంత వంతు తల్లిదండ్రుల నుంచి సంక్రమించినదై ఉంటుంది. ఒక లక్షణంలో కనిపించే మొత్తం తేడాలో ఇలా జన్యువుల వల్ల వచ్చిన వంతును అనువంశికత అంటారు. ఆ వంతు ఎంత ఉంటే తరతరానికీ ఎంపిక ద్వారా సాధించగల మెరుగు అంత ఉంటుంది. చేపను రోగానికి బలిపెట్టకుండా, దాని తోక దగ్గరి సిర నుంచి తీసిన కాస్త నెత్తుటిలోనో, రెక్క అంచు నుంచి కత్తిరించిన చిన్న ముక్కలోనో ఆ వంశబలాన్ని ముందే చదవగలమా అన్నదే ఈ ఉపన్యాసం విచారించే ప్రశ్న. అలా చదవడానికి పనికొచ్చే కొలతకు రోగనిరోధక సూచిక అని పేరు.

ఈ ప్రశ్నకు తెలుగునేలతో ఉన్న సంబంధం దూరపుది కాదు. దేశంలో చేపల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే కాగా, కొల్లేరు చుట్టూ కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో పరుచుకున్న మంచినీటి చెరువుల్లో ప్రధానంగా పెరిగేది రోహు, అంటే జనం శీలావతి అని పిలుచుకునే చేప. దానికి తోడుగా కొంత పాలు బొచ్చె ఉంటుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడూ కలిపి పెంచాలన్న పాఠ్యపుస్తకపు సూత్రాన్ని ఇక్కడి రైతు సంత గిరాకీని చూసి ఎప్పుడో సడలించుకున్నాడు. తవుడునూ వేరుశనగ చెక్కనూ కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, గెడలకు కట్టి నీళ్లలోకి వేలాడదీస్తే చేపలు ఆ చిల్లులను పొడుచుకుంటూ తింటాయి. ఈ ఏర్పాటు మేత వృథాను తగ్గించింది గాని, వేలాది చేపలను ఒకేచోట ఒళ్లూ ఒళ్లూ రాసుకునేంత దగ్గరికి చేర్చింది. చేప పేను అని రైతులు పిలిచే ఆర్గ్యులస్ అనే పరాన్నజీవి చర్మానికి అతుక్కొని రక్తం పీలుస్తుంది. అది చేసిన గాయం ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియాకు దారి తెరుస్తుంది. ఒంటి మీద ఎర్రమచ్చలు, పొలుసుల కింద నీరు చేరి ఉబ్బిన పొట్ట, కుళ్లిన తోక, ఊడిన పొలుసులు దీని గుర్తులు. చిత్రమేమంటే ఈ బాక్టీరియా పరాయిది కాదు. ఆరోగ్యంగా ఉన్న చెరువు నీటిలోనూ, ఆరోగ్యంగా ఉన్న చేప పేగులోనూ అది మామూలుగానే ఉంటుంది. నీరు చెడి, చేప నీరసించిన రోజున అదే ప్రాణాంతకమవుతుంది. కాబట్టి దీన్ని చెరువు నుంచి పూర్తిగా వెళ్లగొట్టడం సాధ్యం కాదు, మందులతో అణచబోతే మందుకు లొంగని రకాలు పెరుగుతాయి. చేపనే గట్టిపరచాలన్న ఆలోచన ఇక్కడి నుంచి పుట్టింది.

చేప శరీరం రోగాన్ని ఎదుర్కొనే తీరు మనిషి శరీరం కంటే కొంత భిన్నం. చేపకు ఎముక మజ్జలో రక్తకణాలు తయారు కావు. తల వెనుక ఉండే మూత్రపిండపు ముందుభాగం, తల మూత్రపిండం అని పిలిచే అవయవం, ఆ పని చేస్తుంది. చేపలోనూ ప్రతిరక్షకాలు, అంటే ఒక్కో రోగక్రిమిని గుర్తుపెట్టుకొని పట్టుకునే ప్రొటీన్లు, ఉన్నాయి. కాని అవి నీటి వేడిమిని బట్టి మెల్లగా పుడతాయి, వాటి రకాలూ తక్కువే. ఈ గుర్తుపెట్టుకునే విద్యను ఆర్జిత రోగనిరోధకత అనీ, పుట్టుకతో వచ్చి ఏ క్రిమినైనా ఒకే తీరున అడ్డుకునే విద్యను సహజ రోగనిరోధకత అనీ అంటారు. చేప ఎక్కువగా ఆధారపడేది రెండోదాని మీద. ఒంటిపై జిగురు, బాక్టీరియా గోడను కరిగించే లైసోజైమ్ అనే ఎంజైమ్, క్రిముల ఒంటికి రంధ్రాలు చేసే కాంప్లిమెంట్ ప్రొటీన్ల గొలుసు, క్రిములను మింగి ఘాటైన ఆక్సిజన్ అణువులతో చంపే భక్షక కణాలు, రోగం తగలగానే కాలేయం రక్తంలోకి కుమ్మరించే తీవ్రదశ ప్రొటీన్లు, ఇవన్నీ ఆ సేనలో భాగం. వీటిలో ప్రతిదాన్నీ ప్రయోగశాలలో కొలవవచ్చు, ప్రతిదానిలోనూ చేపకూ చేపకూ తేడా కనబడుతుంది. ఏది ఎక్కువగా ఉంటే ఆ చేప గట్టిదని తీర్మానించాలన్న కోరిక కలగడం సహజం. గత నాలుగు దశాబ్దాల పరిశోధనలో సగం ఆ కోరిక నుంచే పుట్టింది, అందులో చాలా భాగం ఆ కోరిక దగ్గరే ఆగిపోయింది కూడా.

అసలు సూచికలెందుకు, బతికిన చేపలనే తల్లులుగా పెట్టుకుంటే సరిపోదా అన్న సందేహం న్యాయమైనదే. వంశాభివృద్ధి కేంద్రంలోని చేపలు ఏళ్ల తరబడి వంశావళి రాసి పెంచినవి. వాటికి రోగాన్ని ఎక్కిస్తే బతికినవి కూడా ఆ క్రిమిని ఒంట్లో మోసుకొని తిరిగే ప్రమాదం ఉంది కనుక వాటిని మళ్లీ ప్రధాన మందలోకి రానివ్వరు. అందుకని పరీక్షను వాటి మీద కాక వాటి తోబుట్టువుల మీద జరుపుతారు. ఒక్కో జంట సంతానాన్ని విడివిడిగా పెంచి, చేతిలో ఇమిడేంత అయ్యాక వాటి పొట్టలోకి బియ్యపుగింజంత గాజు గొట్టంలో ఉన్న ఎలక్ట్రానిక్ గుర్తును సూదితో చొప్పించి, అన్ని కుటుంబాల పిల్లలనూ ఒకే తొట్టిలో కలిపి, కొలిచిన మోతాదులో బాక్టీరియాను ఎక్కించి, చచ్చిన ప్రతి చేప నంబరునూ గంటనూ నమోదు చేస్తారు. దీన్ని చాలెంజ్ పరీక్ష అంటారు. ఏ కుటుంబంలో ఎక్కువమంది బతికారో ఆ కుటుంబానికి చెందిన, పరీక్షకు పెట్టని అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ తర్వాతి తరానికి తల్లిదండ్రులుగా ఎంచుకుంటారు. ఈ పద్ధతి నమ్మదగినదే గాని అందులో ఒక పెద్ద లోటు ఉంది. ఒకే తల్లిదండ్రుల పిల్లలందరికీ ఒకే మార్కులు పడతాయి. వారిలో ఎవరు నిజంగా గట్టివారో తెలియదు. జన్యుపరమైన మొత్తం తేడాలో దాదాపు సగం కుటుంబాల మధ్య ఉంటే, మిగిలిన సగం ఒకే కుటుంబంలోని తోబుట్టువుల మధ్య ఉంటుందని జన్యుశాస్త్రం చెబుతుంది. తోబుట్టువుల పరీక్ష మొదటి సగాన్ని మాత్రమే వాడుకోగలదు. రెండో సగాన్ని అందుకోవాలంటే బతికి ఉన్న చేపనే, దానికి హాని లేకుండా, నేరుగా కొలిచే సూచిక కావాలి. రోగనిరోధక సూచికకు ఉన్న నిజమైన విలువ ఇక్కడే ఉంది, ఇంతవరకే ఉంది.

భారతదేశంలో ఈ పని శీలావతి మీద జరిగింది. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్రీయ మంచినీటి జలకృషి సంస్థ, వాడుకలో సిఫా, నార్వేకు చెందిన అక్వాఫోర్స్క్ సంస్థతో కలిసి 1992లో శీలావతి ఎంపిక ప్రజననాన్ని మొదలుపెట్టింది. నార్వేలో త్రిగ్వే యెద్రెమ్ బృందం 1970ల ఆరంభంలో సుమారు 40 నదుల నుంచి సాల్మన్ చేపలను సేకరించి వేసిన బాట అప్పటికి ఇరవయ్యేళ్లుగా ఫలితాలిస్తూ ఉంది. అదే నమూనాలో ఇక్కడ గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల నుంచి తెచ్చిన శీలావతులను సంస్థలోని సొంత మందతో కలిపి మూల సంతతిని సిద్ధం చేశారు. మొదటి లక్ష్యం ఎదుగుదల ఒక్కటే. తరానికి సగటున 17 శాతం దాకా మెరుగుదల సాధించిన ఆ చేపకు స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరమైన 1997లో జయంతి రోహు అని పేరు పెట్టారు. ఎదుగుదల చేతికి అందాక రోగనిరోధకత వైపు దృష్టి మళ్లింది. కాంతా దాస్ మహాపాత్ర, పి.కె. సాహు తదితరులు నార్వే శాస్త్రజ్ఞులతో కలిసి ఏరోమోనాస్ హైడ్రోఫిలాతో చాలెంజ్ పరీక్షలు జరిపి, కుటుంబానికీ కుటుంబానికీ బతికే పాళ్లలో జన్యుపరమైన తేడా ఉందని 2008లో ప్రకటించారు. ఆ తర్వాత ఎక్కువగా బతికిన కుటుంబాల నుంచి ఒక నిరోధక వరుసనూ, ఎక్కువగా చచ్చిన కుటుంబాల నుంచి ఒక సున్నిత వరుసనూ వేర్వేరుగా పుట్టించి, తొలి తరంలోనే నిరోధక వరుస మెరుగ్గా బతుకుతోందని 2011లో చూపించారు. చనిపోయే వరుసను కూడా పనిగట్టుకొని పెంచడం వృథా అని తోచవచ్చు. కాని రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి నెత్తుటిలో తేడా వెతకడానికి ఇంతకంటే శుభ్రమైన దారి లేదు.

ఆ వెతుకులాటలో ముందుకొచ్చిన సూచిక సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్. ఇది కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంది. తన అణువులో రాగి పరమాణువులను ఇముడ్చుకొని ఉంటుంది. ఆ రాగి వల్ల శుద్ధి చేసినప్పుడు నీలంగా కనిపిస్తుంది కనుకనే లాటిన్‌లో నీలిరంగును చెప్పే మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. మనుషుల్లో ఇది తగ్గడం విల్సన్ వ్యాధికి ఒక గుర్తుగా వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. చేప నెత్తుటిలో దీన్ని కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. చేపను మత్తునీటిలో ఉంచి, తోక దగ్గరి సిర నుంచి సూదితో రక్తం తీసి, గడ్డకట్టనిచ్చి, పైన తేరుకున్న లేత పసుపు రక్తరసిని వేరు చేస్తారు. దాన్ని చిన్న చిన్న గుంటలున్న పలకలో వేసి, పారాఫినైలీన్ డయామిన్ అనే రంగులేని రసాయనాన్ని కలిపి, వెచ్చగా ఉంచుతారు. సెరులోప్లాస్మిన్ ఆ రసాయనాన్ని ఆక్సీకరించిన కొద్దీ గుంటలో ఊదారంగు తేలుతుంది. ప్రొటీన్ ఎక్కువున్న చేప గుంట ముదురుగా, తక్కువున్నది లేతగా కనబడుతుంది. ఆ రంగు గాఢతను యంత్రం అంకెగా మారుస్తుంది. పలకలో ఒక్కో గుంట ఒక్కో చేప. నిరోధక వరుస చేపల్లో ఈ ప్రొటీన్ మట్టం ఎక్కువగా ఉందని గమనించిన సిఫా, నార్వే శాస్త్రజ్ఞులు శీలావతిలో దాని జన్యువును చదివి, ఏరోమోనాస్ నిరోధకతకు దీన్ని పరోక్ష సూచికగా వాడుకునే అవకాశం ఉందని 2013లో ప్రతిపాదించారు.

సెరులోప్లాస్మిన్ చేసే పని తెలిస్తే ఈ ఫలితం ఆశ్చర్యంగా తోచదు. అది ఇనుమును ఒక రసాయన రూపం నుంచి మరో రూపంలోకి మార్చి, ట్రాన్స్‌ఫెరిన్ అనే మోత ప్రొటీన్‌కు ఎక్కించి, విడిగా తిరగనివ్వకుండా చేస్తుంది. బాక్టీరియాకు పెరగడానికి ఇనుము కావాలి. దాని కోసం ఏరోమోనాస్ జాతి సూక్ష్మజీవులు ఇనుమును గుంజుకునే ప్రత్యేక అణువులను విడుదల చేస్తాయి. ఆశ్రయమిచ్చిన ఒళ్లు ఇనుమును దాచడం, క్రిమి దాన్ని దోచడం, ఈ పెనుగులాట రోగమంతటికీ కింద నడిచే అసలు యుద్ధాల్లో ఒకటి. అంతేకాక భక్షక కణాలు వదిలే ఘాటైన ఆక్సిజన్ అణువుల నుంచి సొంత కణజాలాన్ని కాపాడడంలో కూడా సెరులోప్లాస్మిన్‌కు పాత్ర ఉంది.

అయినా కథ నమ్మశక్యంగా ఉండడం సూచికకు అర్హత కాదు. ఈ రంగంలో పరిశోధకులు పడిన తొలి పొరపాటు ఇదే. లైసోజైమ్ బాక్టీరియా గోడను కరిగిస్తుంది కనుక లైసోజైమ్ ఎక్కువున్న సాల్మన్ గట్టిదై ఉంటుందని అనుకోవడంలో తర్కదోషం ఏమీ కనిపించదు. 1990ల్లో నార్వేలో లైసోజైమ్‌నూ ఇతర రోగనిరోధక కొలతలనూ కుటుంబాలవారీగా కొలిచి, చాలెంజ్ పరీక్షలో ఆ కుటుంబాలు బతికిన పాళ్లతో పోల్చి చూశారు. కొలతల్లో అనువంశికత ఉన్నట్టు తేలింది గాని, వాటికీ బతుకుకూ ఉన్న సంబంధం ఆశించినంత బలంగానూ, అన్ని పరీక్షల్లో ఒకే దిశలోనూ రాలేదు. కారణం ఊహించలేనిది కాదు. లైసోజైమ్ మట్టం చేప బెదిరినా, నలిగినా మారుతుంది. ఒక కొలత ఎక్కువ కనిపించడానికి ఆ చేప బలంగా ఉండడం కారణమా, లేక అప్పటికే ఏదో బాధలో ఉండడం కారణమా అన్నది నెత్తుటి చుక్క విడమరచి చెప్పదు. తీవ్రదశ ప్రొటీన్లన్నిటిలోనూ ఈ ఇబ్బంది ఉంది, సెరులోప్లాస్మిన్‌కు కూడా మినహాయింపు లేదు. పొయ్యి మీద పెట్టకముందే కుండలో వేడి కొలవాలి. అంటే రోగం తగలకముందు, ఏ అలజడీ లేనప్పుడు తీసిన కొలతకూ తర్వాత ఆ కుటుంబం బతికిన పాళ్లకూ పొంతన ఉండాలి. ఆ పొంతన రెండు లక్షణాల వెనుక ఉన్న జన్యువుల మధ్య ఉందా అని చెప్పే అంకెను జన్యు సహసంబంధం అంటారు. సూచికకు మూడు పరీక్షలు పెట్టాలి: దానిలో తగినంత అనువంశికత ఉండాలి, రోగంలో బతుకుతో దానికి గట్టి జన్యు సహసంబంధం ఉండాలి, ఈ రెండూ ఒక తరంలో కాక వరుస తరాల్లో నిలవాలి. పరిశోధనా పత్రాల్లో సూచికలుగా ప్రకటించిన వాటిలో మూడో పరీక్ష దాకా వెళ్లినవి చాలా కొద్ది. కొన్ని పదుల చేపల్లో, ఒక్కసారి తీసిన కొలతతో ఒక ప్రొటీన్‌ను సూచికగా ప్రకటించే అలవాటు మానితే మేలు.

నెత్తుటిని వదిలి నేరుగా జన్యుపదార్థాన్నే చదివితే ఈ చిక్కు చాలావరకు తొలగుతుంది. చేప బెదిరినా, జబ్బుపడినా డీఎన్ఏ మారదు. డీఎన్ఏ పొడవునా అక్కడక్కడా ఒక్క అక్షరం తేడాగా ఉండే స్థానాలుంటాయి. వీటిని స్నిప్‌లు అంటారు, ఊరి పొలిమేర రాళ్ల మాదిరి ఇవి జన్యుపటంలో గుర్తులుగా పనికొస్తాయి. జన్యుశాస్త్రజ్ఞుడు నిక్ రాబిన్సన్, సిఫా శాస్త్రజ్ఞులు కలిసి 2014లో ప్రచురించిన శీలావతి జన్యుపటంలో ఇలాంటి గుర్తులు 3,193. అవి శీలావతి క్రోమోజోముల జతల సంఖ్యకు సరిపోయేలా 25 వరుసల్లో అమరాయి. చాలెంజ్ పరీక్షలో చేప చచ్చిందా బతికిందా అన్న లెక్కతో పాటు ఎన్ని గంటలు నిలిచిందన్న లెక్కను కూడా ఆ పటంతో పోల్చినప్పుడు నిరోధకతతో ముడిపడిన స్థానాలు ఒక్కచోట కాక పలుచోట్ల బయటపడ్డాయి. అంటే ఏరోమోనాస్ విషయంలో ఏ ఒక్క జన్యువూ మొత్తం భారాన్ని మోయడం లేదు, చాలా జన్యువులు తలా కొంచెం మోస్తున్నాయి.

ఇందుకు పూర్తిగా భిన్నమైన కథ సాల్మన్‌ది. ఐపీఎన్ అని పొట్టిగా పిలిచే వైరస్ వ్యాధి పొదిగిన కొద్ది కాలానికి సాల్మన్ పిల్లలనూ, మంచినీటి నుంచి సముద్రంలోకి మార్చిన తొలి వారాల్లో ఎదిగే చేపలనూ పెద్ద సంఖ్యలో చంపేది. స్కాట్లండ్‌లో రోజ్లిన్ సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో, ఆ వెంటనే నార్వేలో థోమస్ మోయెన్ బృందం, ఈ వ్యాధికి నిరోధకతలో ఉన్న జన్యుపరమైన తేడాలో అధిక భాగం క్రోమోజోముల్లో ఒకే ఒక ప్రాంతం వల్ల వస్తోందని కనుగొన్నారు. ఆ ప్రాంతంలో మంచి రూపం ఉన్న తల్లిదండ్రులను డీఎన్ఏ పరీక్షతో ఎంచి గుడ్లు అమ్మడం మొదలయ్యాక, పరిశ్రమలో ఐపీఎన్ వ్యాప్తి ఘటనలు 75 శాతం తగ్గాయని మోయెన్ బృందం 2015లో రాసింది. జలకృషి చరిత్రలో జన్యు గుర్తుతో సాధించిన అత్యంత స్పష్టమైన విజయం ఇదేనని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. దీనికి ముందు జపాన్‌లో చర్మం మీద కణితులు లేపే లింఫోసిస్టిస్ అనే వైరస్ వ్యాధికి లొంగని ఫ్లౌండర్ చేపలను టోక్యోలో నొబుఅకి ఒకమోతో బృందం ఒకే జన్యు గుర్తుతో ఎంచి సంతకు చేర్చింది. కాని దాని పరిధి చిన్నది.

సాల్మన్ కథలో ప్రత్యేకంగా ఆగి చూడవలసిన మలుపు తర్వాత వచ్చింది. నార్వే బృందం ఆ ప్రాంతంలో వెతికి ఎపిథీలియల్ కడ్హేరిన్ అనే ప్రొటీన్ జన్యువును కారణంగా చూపింది. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే జిగురు ప్రొటీన్ అది. వైరస్ దాన్ని పట్టుకొని కణంలోకి దూరుతుందని వారి నిర్ధారణ. 2021లో స్కాట్లండ్ బృందం జన్యు సవరణ ప్రయోగాలతో అదే ప్రాంతంలోని మరో జన్యువు, కణం లోపలి ప్రొటీన్లను క్రమబద్ధం చేసే ఒక ఎంజైమ్‌కు సంబంధించినది, అసలు కారణమని వాదించింది. ఈ రెండింటిలో ఏది నిలిచినా ఒక సంగతి మాత్రం తేటపడుతుంది: రెండూ పాఠ్యపుస్తకాలు చెప్పే రోగనిరోధక జన్యువులు కావు. ప్రతిరక్షకాలను కొలిచినా, లైసోజైమ్‌ను కొలిచినా, భక్షక కణాల ఉగ్రతను కొలిచినా ఆ చేపల గట్టిదనం కనిపించి ఉండేది కాదు. దొంగతో పోరాడే కావలివాడి బలం వల్ల కాదు, దొంగకు తలుపు తెరుచుకోకపోవడం వల్ల ఆ ఇల్లు నిలిచింది. రోగనిరోధక సూచికల మీద ఆశ పెట్టుకున్నవారు మొదట జీర్ణించుకోవలసిన నిజం ఇది. చేప ఎలా బతికిందో తెలియకపోయినా ఏ చేప బతికిందో తెలిస్తే ఎంపిక నడుస్తుంది. ఎలా బతుకుతుందో బాగా తెలుసనుకొని ఏది బతికిందో చూడకపోతే ఎంపిక దారి తప్పుతుంది. ఆ విజయానికి కూడా కాలపరిమితి ఉందన్నది మరో సంగతి. నిరోధక సంతతి చేపల్లో సైతం వ్యాధి కలిగించగల మారిన వైరస్ రకాలు కనిపించినట్టు తర్వాతి ఏళ్లలో నివేదికలు వచ్చాయి.

రోగనిరోధక జన్యువులకు అసలు చోటే లేదని దీని అర్థం కాదు. క్రిమి ముక్కలను కణం పైకి తెచ్చి ఇతర కణాలకు చూపించే ప్రొటీన్ల జన్యు సముదాయం ఒకటుంది, దాన్ని ఎంహెచ్‌సీ అంటారు. అందులోని కొన్ని రూపాలకూ సాల్మన్‌లో ఫ్యూరుంకులోసిస్ అనే బాక్టీరియా వ్యాధి నిరోధకతకూ సంబంధం ఉన్నట్టు నార్వేలో ఉన్ని గ్రిమ్‌హోల్ట్ బృందం 2003లో చూపింది. ఇలాంటి ఫలితాలు విలువైనవే గాని, అవి వివరించే తేడా సాధారణంగా చిన్నది.

శీలావతిలా చాలా జన్యువులు తలా కొంత మోసే చోట ఇప్పుడు మొగ్గు జినోమిక్ ఎంపిక వైపు ఉంది. ఏ జన్యువు ఏం చేస్తుందో అడగకుండా, వేలాది గుర్తులన్నిటికీ ఒకేసారి తలా ఒక విలువ కట్టి, వాటి మొత్తాన్ని బట్టి చేప వంశబలాన్ని అంచనా వేసే ఈ పద్ధతిని 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ పశువుల కోసం ప్రతిపాదించారు. తోబుట్టువుల మధ్య తేడాను పట్టుకోవడం దీనికి సాధ్యం. సూచికల నుంచి ఆశించిన ఆ రెండో సగం ఇలా చేతికందుతుంది. అయితే గుర్తులకు విలువ కట్టడానికి ఆధారం మళ్లీ చాలెంజ్ పరీక్షే. కొన్ని తరాలు గడిచాక పాత విలువలు పలచబడతాయి, కొత్త పరీక్ష పెట్టి మళ్లీ విలువ కట్టాలి. ఆ చాలెంజ్ పరీక్షకూ ఒక లోపం ఉంది. పొట్టలోకి సూదితో బాక్టీరియాను ఎక్కించినప్పుడు చర్మం, జిగురు, మొప్పలు, పేగు అనే తొలి కంచెలన్నీ దాటిపోతాయి. నిజమైన చెరువులో రోగం వచ్చే దారి అది కాదు. పేను కాటుకు లొంగని గట్టి చర్మం ఉన్న చేపకు ఈ పరీక్షలో ఏ మార్కులూ పడవు. పైగా ఏరోమోనాస్ అన్న ఒకే పేరు కింద చాలా జాతులూ రకాలూ ఉన్నాయి; అమెరికాలో అలబామా, మిసిసిపీ రాష్ట్రాల క్యాట్‌ఫిష్ చెరువులను 2009 నుంచి దెబ్బతీసిన ఏరోమోనాస్ హైడ్రోఫిలా అంతకుముందు అక్కడ ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఉగ్రమైనది. ఒక రకం మీద నెగ్గిన సంతతి మరో రకం మీద నెగ్గుతుందని ముందే మాట ఇవ్వడం సరికాదు.

ఇక్కడే ఒక మాటల గందరగోళాన్ని కూడా తొలగించాలి. క్రిమిని ఒంట్లో పెరగనివ్వకపోవడం నిరోధకత. క్రిమి పెరిగినా దాని దెబ్బకు కుంగకపోవడం సహనం. చాలెంజ్ పరీక్షలో బతికిన చేప రెంటిలో ఏదైనా కావచ్చు. సహనం గల చేప రైతుకు లాభమే గాని, క్రిమిని మోస్తూ పక్క చెరువుకు అంటించగలదు. రొయ్య రైతులు రోజూ వాడే ఎస్‌పీఎఫ్ అన్న మాట చుట్టూ అలుముకున్న అపోహ ఇంకా పెద్దది. 2009లో మన దేశానికి అనుమతితో వచ్చిన వనామీ తల్లిరొయ్యలు ఎస్‌పీఎఫ్ రకం, అంటే జాబితాలో ఉన్న కొన్ని రోగక్రిములు వాటిలో లేవని పరీక్షించినవి. క్రిమి లేకపోవడం వేరు, క్రిమిని తట్టుకోగలగడం వేరు. పురిటి గది శుభ్రంగా ఉందన్నంత మాత్రాన బిడ్డకు రోగం రాదని కాదు. ఎస్‌పీఎఫ్ పిల్ల వేసినా తెల్లమచ్చ వచ్చిందని (తెల్లమచ్చ రొయ్యల వైరస్ జబ్బు) మోసపోయినట్టు భావించే రైతుకు ఈ తేడా విడమరచి చెప్పినవారు తక్కువ.

పరిశోధనాలయంలో ఎంత మంచి సంతతి తయారైనా అది చెరువు చేరే దారి చేపపిల్లలను పుట్టించి అమ్మే హేచరీ గుండా పోతుంది. 1957లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి శీలావతి వంటి చేపల చేత చెరువులోనే గుడ్లు పెట్టించాక నది నుంచి పిల్ల పట్టే అవసరం తీరిపోయింది. దాంతోపాటు నది తెచ్చే కొత్త రక్తం కూడా ఆగిపోయింది. అంబేకర్ ఎక్నాథ్, రోజర్ డాయిల్ కర్ణాటక హేచరీలను పరిశీలించి, కొద్ది తల్లిచేపలనే తిప్పి తిప్పి వాడడం వల్ల దగ్గరి బంధువుల మధ్య కలయిక 2 నుంచి 17 శాతం దాకా వేగంతో పెరుగుతోందని 1990లో లెక్కగట్టారు. ఆ ఎక్నాథే తర్వాతి కాలంలో సిఫాకు డైరెక్టర్ అయ్యారు. బాగా ఎదిగిన చేపను సంతకు పంపి, సంతలో ధర పలకని చేపను తల్లిగా ఉంచుకునే అలవాటు ఎక్కడున్నా అది తలకిందుల ఎంపికే. శాస్త్రజ్ఞుడు పదేళ్లలో ఎక్కించిన మెట్లను అది నాలుగు కాన్పుల్లో దించేస్తుంది. దగ్గరి రక్తసంబంధపు కలయికల్లో మొదట సన్నగిల్లే గుణాల్లో బతికే శక్తి ఒకటి. రోగనిరోధకత కోసం కౌసల్యాగంగలో ఊదారంగు గుంటలు లెక్కపెడుతూ ఉండగా, మరోచోట రిజిస్టరు లేని హేచరీలో అదే గుణం చెప్పాపెట్టకుండా జారిపోతూ ఉండవచ్చు.

కనుక హేచరీ యజమానులకు విన్నపం ఒక్కటే: ఏ తల్లిచేప ఎక్కడి నుంచి, ఏ ఏట వచ్చిందో, ఏ మగచేపతో జత కట్టిందో, ఎన్నిసార్లు గుడ్లు పెట్టిందో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి, మూడు నాలుగేళ్లకోసారి గుర్తింపు పొందిన కేంద్రం నుంచి కొత్త తల్లులను తెచ్చుకోవాలి. పిల్ల కొనడానికి వచ్చిన రైతు ధర అడిగే ముందు ఆ పుస్తకం చూపించమని అడగాలి.